అంబాసిడర్, మారుతి 800

భారతదేశపు రోడ్లను ఒకదాని వెనక ఒకటి ఏలిన రెండు కార్లు. అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్, మారుతికి మూలం జపాన్ వారి సుజుకి ఆల్టో. పుట్టుకలో పాతికేళ్ల ఎడం ఉన్నా, రెండింటి తయారీ ఆగిపోయింది ఒకే ఏడాది, 2014లో.

బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు మారింది. 1957-58లో అంబాసిడర్‌ను తెచ్చింది. కొద్దికాలానికే 1489 సీసీ పెట్రోలు ఇంజను అమర్చారు. మార్క్ 2, 3, 4 అంటూ పేర్లు, ముందు జాలీ మారాయే గాని ఆ గుండ్రటి ఒళ్లు దాదాపు అలాగే ఉండిపోయింది. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండటంతో ముందు సీటు బెంచీలా ఒకటే పలక. డ్రైవరు పక్కన ఇద్దరు హాయిగా కూర్చునేవారు, పెళ్లి ప్రయాణమైతే ముగ్గురు. ఏ ఊళ్లో ఆగిపోయినా నాలుగు స్పానర్లున్న మెకానిక్ బాగుచేసి పంపేవాడు. మంత్రులకు, కలెక్టర్లకు అదే బండి. ఎర్రబుగ్గ కారంటే జనానికి తెల్ల అంబాసిడరే గుర్తు. అయితే అన్నేళ్లు నిలబడటం దాని గొప్పే అనలేం. లైసెన్సుల కాలంలో కొనేవాడికి పెద్దగా వేరే దిక్కులేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిందే.

ఆ కాలానికి గండి కొట్టింది మారుతి. ప్రభుత్వ సంస్థ మారుతి ఉద్యోగ్ 1982లో సుజుకితో ఒప్పందం చేసుకుంది. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. అది ఆమె కుమారుడు సంజయ్ గాంధీ పుట్టినరోజు. చవక కారు ఆయన కన్న కల. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ముందు చక్రాలనే తిప్పేది. బరువు సుమారు 650 కిలోలు. అంబాసిడర్ టన్ను పైమాటే. లోపల ఇరుకైనా పొద్దున్నే తాళం తిప్పగానే స్టార్టయ్యేది. స్కూటరు మీద నలుగురు వెళ్లే కుటుంబానికి కావలసింది అదే. దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

అంబాసిడర్ 1992లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజనుతో వచ్చింది గాని, అప్పటికే ఆలస్యమైంది. కాలుష్య నిబంధనలు మారుతినీ వదల్లేదు. 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దాని అమ్మకాలు ఆపేశారు. 2014 జనవరిలో మారుతి 800, మేలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయాయి. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రెంచి కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది.