ఎత్తు చాలని ఆకాశం

హైదరాబాద్ సైనిక్‌పురిలో కిరణ్ శిక్షణ విమానం మోతకు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. రిటైరైన సైనిక కుటుంబాలు కట్టుకున్న కాలనీ అది, పక్కనే హకీంపేట వైమానిక స్థావరం. ఆ మోత అక్కడివాళ్లకు పుట్టింటి గొంతు లాంటిది. అలాంటి కిరణే ఒకటి 2010 మార్చి 3న, అక్కడికి కొద్ది దూరంలోని న్యూ బోయిన్‌పల్లి ఇళ్ల మీద కూలిపోయింది.

ఆ రోజు బేగంపేటలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదలైంది. నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ బృందం నాలుగు కిరణ్ మార్క్-2 విమానాలతో విన్యాసాలు చేస్తోంది. గోవాలోని ఐఎన్ఎస్ హంస వాళ్ల స్థావరం. కిందికి దూకిన ఒక విమానం మళ్లీ పైకి లేవలేకపోయింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ప్రాణాలు కోల్పోయారు. నేల మీద ఉన్నవాళ్లూ గాయపడ్డారు.

ఆరితేరిన పైలట్లకు ఇలా ఎందుకు జరుగుతుంది? సెకనుకు 100 మీటర్ల చొప్పున దిగే విమానానికి 300 మీటర్ల ఎత్తు అంటే మూడే సెకన్లు. పైన ఆకాశం ఎంత ఉన్నా లాభం లేదు, కింద ఉన్నదే ప్రాణం.

పంటలకు మందు చల్లే పైలట్‌ది ఇంకా ఇరుకు బతుకు. పైర్లకు కొన్ని మీటర్ల పైన, ట్యాంకు నిండా మందుతో, చేను చివర చెట్లు తప్పించుకుంటూ గిర్రున తిరగాలి. 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా తిరిగితే రెక్కల మీద భారం రెట్టింపవుతుంది. రెక్కలు పట్టు తప్పే వేగం కూడా 1.4 రెట్లకు పెరుగుతుంది. అక్కడ పట్టు తప్పితే తేరుకునే ఎత్తు ఉండదు. కరెంటు తీగలైతే దగ్గరికొచ్చేదాకా కంటికి ఆనవు, స్తంభాలను చూసి తీగ ఎక్కడుందో ఊహించుకోవాలి. కిరణ్‌ను చేసిన హెచ్ఏఎల్లే ఈ పని కోసం బసంత్‌ను 1972లో ఎగరేసింది. కాక్‌పిట్‌ను ఎత్తుగా కట్టింది, పైలట్‌కు ముందున్నది బాగా కనబడాలని. పదేళ్లు తిరగకుండానే ఆ విమానం తయారీ ఆగిపోయింది.

చేను మీదైతే ప్రమాదం ఎక్కువగా పైలట్‌కే. బోయిన్‌పల్లి లాంటి కిక్కిరిసిన బస్తీ పక్కన విన్యాసాలంటే ఆ ప్రమాదాన్ని ఏమీ తెలియని ఇళ్లకూ పంచడమే. ఆ ప్రదర్శన అక్కడ జరగాల్సింది కాదు.

మరుసటి ఏడాది వైమానిక దళపు విన్యాస బృందం సూర్యకిరణ్ కూడా ఆగింది, శిక్షణకు కిరణ్‌లు చాలక. తర్వాత హాక్ విమానాలతో తిరిగొచ్చింది. సాగర్ పవన్ మాత్రం రాలేదు.