పాలపొడికి పరీక్ష – కొండమీది పొయ్యి

తూర్పు కనుమలలోని గిరిజన జాతులలో పెక్కింటికి పూర్వము ఆవును పితుకు అలవాటు లేదు. ఆవు పాలు దూడ సొత్తని వారి తలంపు. మనిషి బిడ్డకు తల్లిపాలే గతి; కొంత వయస్సు వచ్చిన పిదప చోడి అంబలి, సామల జావ. అట్టి కొండలకు డబ్బాలోని పాలపొడి మిక్కిలి దూరపు వస్తువు. ఆ పొడి ఎట్లు పుట్టినది? దానిని ఎవరు, ఎందులకు పరీక్షించిరి? ఆ పరీక్షల ఫలితము అరకు లోయలోని ఒక పొయ్యికి ఎంతవరకు ఉపకరించును? ఈ ప్రశ్నలను గూర్చి మనము కొంత విచారింతము.

జర్మనీ దేశపు రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ 1865లో శిశువుల కొక కృత్రిమాహారమును ప్రకటించెను. 1867లో స్విట్జర్లండులోని వెవే పట్టణమున హెన్రీ నెస్లే పాలు, గోధుమపిండి, చక్కెరలతో శిశువుల పిండిని తయారుచేసి విక్రయింప నారంభించెను. పిమ్మట పాలను వేడి గాలిలోనికి సన్నని తుంపరగా చిమ్మి, క్షణములో పొడి చేయు పద్ధతి వచ్చినది. నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరుగజాలవు గనుక పొడి నెలల తరబడి చెడక నిలుచును. అయితే పెరుగజాలకుండుట వేరు, చచ్చుట వేరు. ఈ భేదమును లోకము గ్రహించుటకు చాల కాలము పట్టినది.

మొదట హెచ్చరించినవారు ప్రయోగశాలలవారు కారు, వైద్యులు. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1939లో సింగపూరులో ఒక సభయందు ప్రసంగించుచు, తల్లిపాలు మాన్పించి తియ్యని డబ్బాపాలు పట్టించుటవలన శిశువులు మరణించుచున్నారనియు, అది హత్యతో సమానమనియు నిర్మొగమాటముగా పలికెను. ఆమె నిందించినది పాలలోని విషమును గాదు. పేద ఇండ్లలో డబ్బాపాలను పలుచన చేయుట, చెడునీటితో కలుపుట, పాలసీసా శుభ్రపడకుండుట – ఈ మూడును కలిసి బిడ్డను తీసికొనిపోవుచుండెను.

పొడిలోనే ముప్పు పొంచియుండగలదను సంగతి తరువాత బయటపడెను. 1958లో ఇంగ్లండులో ఇద్దరు నవజాత శిశువులు మెదడు పొరల వాపుతో మరణించిరి. ఆ రోగమునకు కారణమైన సూక్ష్మజీవికి 1980లో జపాను శాస్త్రవేత్త సకజాకీ పేరిట ప్రత్యేక నామము పెట్టిరి. ఇప్పుడు దానిని క్రోనోబాక్టర్ అందురు. 1988లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 35 దేశములనుండి తెచ్చిన 141 పాలపొడులను పరీక్షింపగా 20 పొడులలో అది కనిపించినది. కనిపించిన మోతాదు అత్యల్పము. గ్రామునకు ఒక జీవియైనను లేదు. కాని కలిపిన పాలు వెచ్చగా గంటల తరబడి నిలువయున్నచో ఆ ఒక్కటియే వేలకు వేలగును. 2001లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున ఒక ఆసుపత్రిలో పాలపొడి ద్వారా ఈ రోగము సోకి ఒక శిశువు మరణించిన పిమ్మట ప్రభుత్వములు మేలుకొనెను.

పాలను కాచియే కదా పొడి చేయుదురు, ఈ జీవి ఎట్లు చేరినదని సందేహము కలుగవచ్చును. కాచిన పిమ్మట విటమినులు, చక్కెరలు మున్నగునవి కొన్ని పొడిగానే కలుపుదురు. కర్మాగారపు గాలి, నేల, యంత్రముల సందులు కూడ దానికి నెలవులే. కావున ఎంత శ్రద్ధ వహించినను శిశువుల పాలపొడి సూక్ష్మజీవరహితమైన వస్తువు కాదు. డబ్బా మెరయుచుండుటనుబట్టి లోపలిది శుద్ధమని తలచుట పొరపాటు.

2008లో అంతర్జాతీయ ఆహార ప్రమాణ సంఘము ఒక నియమావళిని ఏర్పరచినది. దాని ప్రకారము తయారైన ప్రతి రాశినుండి 10 గ్రాముల చొప్పున 30 నమూనాలు తీసి క్రోనోబాక్టర్ కొరకును, 25 గ్రాముల చొప్పున 60 నమూనాలు తీసి సాల్మొనెల్లా కొరకును పరీక్షింపవలెను. ఒక్కదానిలోనైనను అది కనబడరాదు. ఇది కఠినమైన నియమమే. అయినను లెక్క చూడుడు: 30 నమూనాలు కలిసి 300 గ్రాములు. వేల కిలోల రాశికి ఆ 300 గ్రాములు సాక్షి. సాక్షి సత్యమే చెప్పును గాని చూచినంత మేరకే చెప్పును.

పరీక్ష అడిగిన ప్రశ్నకే బదులు చెప్పునని చైనా దేశపు విషాదము అదే 2008లో చాటినది. పాలలోని మాంసకృత్తులను నేరుగా కొలువక, నత్రజనిని కొలిచి లెక్కకట్టు పద్ధతి 1883నుండి వాడుకలో నున్నది. నీరు కలిపిన పాలలో నత్రజని ఎక్కువగల మెలమిన్ అను రసాయనమును చేర్చగా ఆ పరీక్షలో పాలు నెగ్గినవి. సుమారు మూడు లక్షల మంది శిశువులు జబ్బుపడిరి, ఆరుగురు మరణించిరి.

మన దేశమున 1954లో ఆహారకల్తీ నిరోధక చట్టము వచ్చినది. ఆ స్థానమున ఇప్పుడు 2006 నాటి ఆహారభద్రతా చట్టము నడచుచున్నది. 1992లో వచ్చిన మరియొక చట్టము శిశువుల పాలపొడికి ప్రకటనలు చేయుటను నిషేధించి, డబ్బాపై తల్లిపాలే శ్రేష్ఠమను హెచ్చరిక నుంచవలెనని శాసించినది. తల్లిపాల శక్తిని మన శాస్త్రవేత్తలు అంతకు ముందే నిరూపించియుండిరి. కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలకు చెందిన డాక్టరు సి. గోపాలన్ పేద తల్లుల స్తన్యమును గూర్చి పరిశోధించి, సరియైన తిండి లేని తల్లులు సైతము తొలి నెలలలో బిడ్డకు చాలినంత పాలు ఇయ్యగలుగుచున్నారని చూపెను.

ఇక కొండలకు మరలుదము. 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఎన్నో గూడెములకు ఊట నీరు, గెడ్డ నీరే ఆధారము. అక్కడ తల్లిపాలు కేవలము ఆచారము కాదు. పరీక్ష అక్కరలేని ఆహారము. అయినను తల్లిని కోల్పోయిన బిడ్డ ఉండును. పాలియ్యలేని రోగముతోనున్న తల్లి ఉండును. వైద్యుని సలహాపై ఆ ఇంటికి డబ్బా వచ్చును. కర్మాగారపు పరీక్ష డబ్బా మూతతో ముగియును. మూత తీసిన పిమ్మట జరుగవలసిన పరీక్షకు ఆ ఇంటి పొయ్యియే ప్రయోగశాల.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పిన ఉపాయము సులభమైనది: నీటిని తెర్ల కాచి, 70 డిగ్రీల సెంటిగ్రేడునకు తగ్గక మునుపే పొడి కలుపవలెను. ఆ వేడికి పొడిలోని క్రిములు చచ్చును. గోరువెచ్చని నీరు ఈ పని చేయజాలదు. సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న అరకులో నీరు 100 డిగ్రీలకు గాక దాదాపు 97 డిగ్రీలకే తెర్లును. అందువలన కొరత లేదు. 70కి అది చాల మీదనే. చిక్కు చలివలన కలుగును. కాచిన నీటిని అరగంటకు మించి ఆరనీయరాదని సామాన్య సూచన. పుష్యమాసపు రాత్రి లంబసింగి వైపు చిన్న గిన్నెలోని నీరు అంతకన్న త్వరగా చల్లారును. కావున అక్కడ దించిన వెంటనే మూతపెట్టి, ఆలసింపక కలుపుట మేలు. కలిపిన పాలను గిన్నెతో చన్నీటిలో నుంచి, బిడ్డ తాగదగినట్లు ఆర్చి, వేడి చూచి పట్టవలెను. రెండు గంటలలో ముగియని పాలను పారబోయవలెను. ఖరీదైన పాలను పారబోయుటకు పేద యిల్లాలికి చేయి రాదు. కాని అచ్చటనే ప్రమాదమున్నది.

సీసా విషయమున మన పెద్దల వస్తువే నయము. సీసా మెడలోను, రబ్బరు పీకలోను మడ్డి పేరుకొనును. ఉగ్గుగిన్నెకు మూలలు లేవు. చేయి అంతట తగులును, ఉడుకునీరు అంతట పారును. గిన్నెతో పట్టుటయే క్షేమమని వైద్యులును చెప్పుచున్నారు.

నూటయేబది ఏండ్ల ఈ చరిత్రలో ప్రతి పరీక్షకు వెనుక కొందరు పసివారి ప్రాణములున్నవి. వారు చెల్లించిన మూల్యమునకు కర్మాగారములలో కొంత ఫలము దక్కినది. మిగిలిన ఫలము కొండమీది పొయ్యికి చేరవలెను. డబ్బా వెంట ఈ నాలుగు మాటలును, వంటచెరకును, మూతగల గిన్నెయు ఆ ఇంటికి చేరునట్లు చూచుట మన అందరి బాధ్యత.