డీన్‌గారి పీఏ

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 31 కళాశాలలు ఉన్నాయి. వాటిలో పాతవాటన్నిటికీ చాపెల్ అనే సొంత ప్రార్థనాలయం ఉంది. చాలాచోట్ల దానికి పెద్ద డీన్. ఆయనకు, లేదా ఆమెకు, చేదోడుగా చాప్లిన్ ఉంటారు. ఇద్దరూ సాధారణంగా ఇంగ్లండు చర్చిలో అభిషేకం పొందిన గురువులే. డీన్ మామూలుగా కళాశాల ఫెలో (పాలక సభ్యుడు) కూడా కాబట్టి ఉదయం పాలకమండలి సమావేశంలో కూర్చుని సాయంత్రం ఆరాధన నడిపిస్తారు. ఈ గురువుల ఉత్తరాలు, డైరీ, ఆరాధనల ఏర్పాట్లు చూసే ఉద్యోగిని కొన్నిచోట్ల డీన్ పీఏ అని, కొన్నిచోట్ల చాపెల్ సెక్రటరీ అని, ఈమధ్య చాపెల్ అడ్మినిస్ట్రేటర్ అని పిలుస్తున్నారు. తెలుగునాట పీఏ అనగానే మంత్రిగారి గది బయట కూర్చుని ఎవరిని లోపలికి పంపాలో తేల్చే మనిషి గుర్తొస్తాడు. డీన్ పీఏ చేయాల్సింది దాదాపు అందుకు తలకిందులు. మొదటి ఏడాది విద్యార్థి అయినా, వంటశాల ఉద్యోగి అయినా కష్టం చెప్పుకోవడానికి వస్తే డీన్ డైరీలో చోటు దొరికేలా చూడాలి.

ఈ బల్ల మీదికి వచ్చే కాగితాల్లో చాలావాటికి మూలం ఏ నాలుగైదు వందల ఏళ్ల కిందటి చట్టమో, దానపత్రమో అయి ఉంటుంది. ఆ చరిత్ర తెలియనిదే ఈ ఉద్యోగం అర్థం కాదు.

మధ్యయుగపు ఇంగ్లండులో కళాశాల స్థాపించేవారికి చదువు చెప్పించడం ఎంత ముఖ్యమో, తాము పోయాక తమ ఆత్మల కోసం నిత్యం ప్రార్థన జరగడమూ అంత ముఖ్యం. కింగ్స్ కళాశాల ఇందుకు మంచి ఉదాహరణ. ఆరవ హెన్రీ దాన్ని 1441లో స్థాపించాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తరవాత పథకం పెంచి 70 మంది విద్యార్థులకు, 10 మంది గురువులకు, ఆరుగురు గాయక గుమాస్తాలకు, పాటలు పాడే 16 మంది పిల్లలకు ఏర్పాటు చేశాడు. చాపెల్‌కు 1446 జులై 25న పునాదిరాయి వేశాడు. అంతలో రాజవంశాల మధ్య గులాబీ యుద్ధాలు ముంచుకొచ్చాయి. 1461లో సింహాసనం పోయింది, 1471లో లండన్ టవర్‌లో ప్రాణమూ పోయింది. గోడలు సగంలో ఆగాయి. ఏడో హెన్రీ చివరి రోజుల్లో డబ్బిస్తే, జాన్ వాస్టెల్ అనే మేస్త్రీ 1512 నుంచి 1515 వరకు పనిచేసి విసనకర్రలు విప్పినట్టుండే రాతి పైకప్పు పూర్తిచేశాడు. లోపలి చెక్క తెర మీద ఎనిమిదో హెన్రీ, రాణి ఆన్ బొలీన్ పేర్ల మొదటి అక్షరాలు చెక్కి ఉన్నాయి. 1536లో ఆమె తల నరికించారు. అక్షరాలు మాత్రం ఎవరూ తీయలేదు. గాయకబృందంలో పిల్లల సంఖ్య ఈనాటికీ 16 దగ్గరే ఉంది.

ఎనిమిదో హెన్రీ పోపుతో తెగతెంపులు చేసుకున్నాక, 1547 చట్టం మృతుల కోసం ప్రార్థనలకు పెట్టిన నిధులను రద్దుచేసి ఆస్తులు రాజుకు అప్పగించింది. చదువు చెబుతున్నాయి కనుక ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కళాశాలలకు మినహాయింపు దొరికింది. మృతుల కోసం ప్రార్థన ఆగింది. దాతల పేర్లు చదివి దేవునికి కృతజ్ఞత చెప్పే ఆరాధన మిగిలింది. ఏటా ఒకసారి జరిగే ఆ ఆరాధనకు దాతల జాబితా సరిచూసి అచ్చువేయించడం ఇప్పుడు పీఏ పనుల్లో ఒకటి. ప్రార్థన భాష కూడా అప్పుడే మారింది. జీసస్ కళాశాలలో ఫెలోగా ఉండి ఆర్చిబిషప్ అయిన థామస్ క్రాన్మర్ లాటిన్‌ను పక్కనపెట్టి 1549లో ఇంగ్లిషు ప్రార్థన పుస్తకం తెచ్చాడు. గాయకబృందంతో జరిగే ఎవెన్‌సాంగ్ అనే సాయంకాల ఆరాధనకు దాని 1662 ముద్రణే నేటికీ ఆధారం.

ఆ తరవాతి మూడు శతాబ్దాలూ చాపెల్ భక్తికంటే హాజరుకు ఎక్కువ పేరుపడింది. ఇంగ్లండు చర్చికి చెందనివారికి కేంబ్రిడ్జిలో పట్టా ఇచ్చేవారు కాదు. ఫెలోల్లో అత్యధికులు గురువులు, బ్రహ్మచారులు. పెళ్లయితే పదవి వదులుకోవాల్సిందే. ట్రినిటీ కళాశాలలో మార్కర్ అనే ఉద్యోగి పేర్ల పట్టీ పట్టుకుని నడుస్తూ వచ్చినవారి పేరు పక్కన సూదితో పొడిచేవాడు. 1838లో అక్కడి పెద్దలు హాజరు నిబంధనలు బిగిస్తే, విద్యార్థులు ‘విద్యార్థుల పట్ల క్రూరత్వ నివారణ సంఘం’ పెట్టి, ఫెలోలు వారానికి ఎన్నిసార్లు చాపెల్‌కు వస్తున్నారో లెక్కగట్టి జాబితా ప్రచురించారు. ఎక్కువమంది ఫెలోల మార్కులు చెప్పుకోదగినవి కావు.

ఆ కళాశాలల నుంచే మిషనరీలూ బయల్దేరారు. సిడ్నీ ససెక్స్ కళాశాలలో చదివిన రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం చేరి, 1843లో బడి పెట్టాడు. కృష్ణా జిల్లావారికి బాగా తెలిసిన నోబుల్ కళాశాల అదే.

1871లో వచ్చిన చట్టం, ఇంగ్లండు చర్చికి చెందాలనే మతపరీక్షలను దాదాపుగా ఎత్తేసింది. 1882 నాటికి ఫెలోల పెళ్లిళ్లకూ దారి తెరిచారు. తప్పనిసరి హాజరు మెల్లగా కనుమరుగైంది. అయినా చాపెల్‌ను మూయాలని ఎవరూ గట్టిగా అనలేదు. అసలు చాపెలే వద్దన్న మాట వచ్చింది కొత్త కళాశాల కట్టేటప్పుడు. 1960లో ఏర్పడిన చర్చిల్ కళాశాలలో చాపెల్ కడతారని తెలిసి, డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టినవారిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ 1961లో ఫెలో పదవికి రాజీనామా చేశాడు. ఇష్టంలేనివారు లోపలికి వెళ్లనక్కర్లేదు కదా అని విన్‌స్టన్ చర్చిల్ సర్దిచెప్పబోతే, అదే తర్కం ప్రకారం కళాశాలలో వేశ్యాగృహమూ పెట్టండంటూ 10 గినీల చెక్కు పంపాడు. చివరికి చాపెల్‌ను ప్రాంగణం చివర కట్టి, యాజమాన్యం విడి ట్రస్టుకు అప్పగించారు. దెబ్బలాట తేలకపోతే దూరంగా జరిపి విడి యాజమాన్యం పెట్టుకోవడం ఇంగ్లండుకు బాగా అచ్చొచ్చిన పద్ధతి.

ఇప్పటి పీఏ పని ఈ రాజీల నీడలోనే నడుస్తుంది. విద్యా సంవత్సరంలో మికెల్మస్, లెంట్, ఈస్టర్ అని మూడు టర్ములు. ఒక్కోదానిలో బోధనకాలం దాదాపు 8 వారాలే. టర్ముకు ముందే ‘టర్మ్ కార్డు’ సిద్ధం కావాలి. ఏ రోజు ఏ ఆరాధన, ఏ కీర్తన, ఎవరి ప్రసంగం అన్నీ అందులో ఉంటాయి. సంగీతం గాయకబృందం నిర్దేశకుడు తేలుస్తాడు, వాక్యభాగాలు చాప్లిన్, ప్రసంగీకులను డీన్. ముగ్గురి జాబితాలనూ ఒకచోట చేర్చి, తేదీల తగాదాలు తీర్చి, ప్రసంగీకులకు గది, రాత్రి భోజనం, ప్రయాణఖర్చు ఏర్పాటు చేసేది పీఏ. గేటు దగ్గరి పోర్టర్లకు, భోజనశాలకు, చాపెల్ వస్తువులు చూసుకునే వెర్జర్లకు వేరువేరుగా కబురు వెళ్లాలి. దారితప్పిన ఉత్తరాలూ కొన్ని వస్తాయి. ఆక్స్‌ఫర్డ్ కళాశాలల్లో డీన్ అంటే సాధారణంగా క్రమశిక్షణ చూసే అధికారి, గురువు చాప్లిన్ మాత్రమే. అక్కడే క్రైస్ట్ చర్చిలో మాత్రం డీన్ ఇటు కళాశాలకూ అటు కెథడ్రల్‌కూ అధిపతి. బయటివారికి ఈ తేడాలు తెలిసే అవకాశం తక్కువ.

కాగితాల్లోకెల్లా చిక్కైనవి పెళ్లి కాగితాలు. కళాశాల చాపెల్ మామూలు పారిష్ చర్చి కాదు కాబట్టి, అక్కడ పెళ్లికి సాధారణంగా కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పేరుతో ఇచ్చే ప్రత్యేక లైసెన్సు కావాలి. పూర్వం ఇలాంటి మినహాయింపులు రోములో పోపు ఇచ్చేవాడు. 1533 నాటి చట్టం ఆ అధికారాన్ని ఆర్చిబిషప్‌కు బదిలీ చేసింది. దరఖాస్తు వెస్ట్‌మినిస్టర్‌లోని ఫ్యాకల్టీ ఆఫీసుకు వెళుతుంది. వధూవరులకు ఆ కళాశాలతో నిజమైన సంబంధం ఉందని చూపాలి. ఒకే లింగానికి చెందిన జంట అడిగితే సమాధానం ఇంకా కష్టం. 2013 చట్టం అలాంటి పెళ్లిళ్లకు అనుమతిచ్చింది కానీ, ఇంగ్లండు చర్చి పద్ధతిలో జరగకూడదని కూడా అందులోనే రాసింది. 2023 డిసెంబరు నుంచి ఆ జంటల కోసం ఆరాధనలో ప్రార్థించవచ్చు, పెళ్లి చేయకూడదు. ఈ సంగతి జంటకు మర్యాద తప్పకుండా తెలియజేసే మొదటి ఉత్తరం తరచు పీఏ చేతి మీదుగానే పోతుంది. చర్చి తేల్చుకోలేనిదాన్ని ఒక గుమాస్తా పేరాలో ఇమడ్చమనడం న్యాయంగా లేదు.

కింగ్స్‌లో అన్నిటికంటే పెద్ద రోజు డిసెంబరు 24. మొదటి ప్రపంచయుద్ధంలో సైనిక చాప్లిన్‌గా పనిచేసి తిరిగొచ్చి డీన్ అయిన ఎరిక్ మిల్నర్-వైట్, 1918లో తొమ్మిది పాఠాలు, క్రిస్మస్ కీర్తనల ఆరాధన మొదలుపెట్టాడు. ట్రూరో బిషప్‌గా ఉన్నప్పుడు ఎడ్వర్డ్ బెన్సన్ 1880లో నడిపిన క్రమమే దానికి మాతృక. 1928లో బీబీసీ ప్రసారం చేసింది. 1930 ఒక్కటి తప్ప ఏటా చేస్తూనే ఉంది. ఆరంభం అక్కడ మధ్యాహ్నం 3 గంటలకు, అంటే భారతదేశంలో రాత్రి 8.30కి. మొదటి పాఠం గాయకబృందంలోని పిల్లవాడు చదువుతాడు, తొమ్మిదోది కళాశాల అధిపతి అయిన ప్రొవోస్టు. ఇలాంటి రోజుకు ఆహ్వానాలు, పాఠాల ప్రతులు, రిహార్సల్ వేళలు, సీట్లు, ప్రసారకుల గడియారం అన్నీ ఒకదానికొకటి అతకాలి. సీట్లకంటే అడిగేవారు ఎప్పుడూ ఎక్కువే కాబట్టి, లేదని చెప్పే ఉత్తరాలూ ఎక్కువే.

మిగతా ఏడాదిలోనూ తేదీలు తరుముతూనే ఉంటాయి. డిసెంబరు 6 స్థాపకుడు ఆరవ హెన్రీ పుట్టినరోజు. మే 21న, ఆయన చనిపోయాడని చెప్పే లండన్ టవర్ గదిలో, ఆయనే స్థాపించిన ఈటన్ బడి తరఫున లిల్లీ పూలు, కింగ్స్ తరఫున గులాబీలు ఉంచుతారు. నవంబరులో యుద్ధమృతుల స్మరణ. కింగ్స్ చాపెల్ పక్కగదిలో మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన సభ్యుల పేర్లున్నాయి. ఆస్ట్రియా-హంగరీ తరఫున పోరాడి 1915లో చనిపోయిన విద్యార్థి ఫెరెంత్స్ బెకాషి పేరు అదే గదిలో, కాస్త ఎడంగా చెక్కి ఉంది.

బయటికి కనపడనిది గోప్యత. డీన్ దగ్గరికి వచ్చేవారిలో పరీక్ష తప్పినవారు, తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారు, ఏ మతమూ లేనివారు ఉంటారు. వారి పేరు పీఏకు తెలుస్తుంది, విషయం తెలియకపోవచ్చు. తెలిసినా తెలియనట్టే ఉండాలి. పిల్లలు పాడే చాపెళ్లలో పిల్లల దగ్గర మసిలే పెద్దల నేరచరిత్ర తనిఖీ కాగితాలూ ఉంటాయి.

క్రైస్తవులై ఉండాలన్న షరతు ఈ ఉద్యోగానికి సాధారణంగా పెట్టరు. చాపెల్ పని మీద సానుభూతి ఉంటే చాలంటారు. 1994లో ఇంగ్లండు చర్చి స్త్రీలకు గురు అభిషేకం మొదలుపెట్టాక డీన్ పదవుల్లోకి స్త్రీలూ వచ్చారు. డీన్ వెళ్లిపోతే కొత్తవారు రావడానికి నెలలు పట్టవచ్చు. ఆ ఖాళీలో బయటి గురువులను పిలిపించి టర్మ్ కార్డు నింపడం, పెళ్లి తేదీలు నిలబెట్టడం, కొత్తవారు వచ్చిన రోజున ఏ ఫైలు ఎక్కడుందో చెప్పడం పీఏ వంతు.