యాంబుకు నుంచి కిన్షాసా దాకా: ముయెంబే పరిశోధనలో రక్తనమూనా చరిత్ర

ఎబోలా వైరస్ ఆవిష్కరణ చరిత్రను పాశ్చాత్య రచనలు చాలాకాలం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ ప్రయోగశాల నుంచే ప్రారంభించాయి. అక్కడ పరీక్షించిన రక్తం ఎవరి చేతుల మీదుగా బయలుదేరిందన్న ప్రశ్న వెనుకబడిపోయింది.

లూవెన్ విశ్వవిద్యాలయంలో వైరాలజీలో డాక్టరేట్ పొంది స్వదేశానికి తిరిగి వచ్చిన జాన్-జాక్ ముయెంబే-తాంఫుమ్, 1976లో జైర్ (నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం) ఉత్తర ప్రాంతంలోని యాంబుకు మిషన్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ చేతి తొడుగులు లేవు. రోగుల నుంచి రక్తం తీసినప్పుడు సూది గుచ్చిన చోట స్రావం ఆగలేదు. ఆయన చేతులు రక్తసిక్తమయ్యాయి. సబ్బుతో కడుక్కోవడమే ఆయనకు దక్కిన రక్షణ. జ్వరంతో ఉన్న ఒక సన్యాసినిని ఒప్పించి తనతో కిన్షాసాకు తీసుకువచ్చారు. ఆమె అక్కడే మరణించింది. నమూనాలు విదేశాలకు వెళ్లాయి. కొత్త వైరస్‌ను ప్రకటిస్తూ 1977లో 'లాన్సెట్' ప్రచురించిన మూడు పత్రాల రచయితల్లో ముయెంబే పేరు లేదు. ఆ వ్యాప్తిలో 318 మంది రోగగ్రస్తులు కాగా 280 మంది మరణించారు.

1995లో కిక్విట్‌లో వ్యాధి మళ్లీ తలెత్తింది. అప్పుడు కూడా నిర్ధారణ కోసం నమూనాలు దేశం దాటాల్సి వచ్చింది. కోలుకున్నవారి రక్తాన్ని 8 మంది రోగులకు ఎక్కించగా 7 గురు బతికారు. పోల్చి చూడటానికి నియంత్రిత బృందం లేనందున విదేశీ శాస్త్రవేత్తలు దానిని నిరూపణగా అంగీకరించలేదు. పద్ధతి దృష్ట్యా ఆ అభ్యంతరం సబబే; అయితే ఆ ఆలోచనను అంతటితో పక్కన పెట్టడం సబబు కాదని తరువాతి పరిశోధన తేల్చింది. కిక్విట్‌లో బతికి బయటపడిన ఒక వ్యక్తి రక్తాన్ని 2006లో సేకరించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సహకారంతో దాని నుంచే ఎంఏబీ114 అనే ప్రతిరక్షకం రూపొందింది.

1998లో ముయెంబే కిన్షాసాలోని జాతీయ జీవవైద్య పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. 2018 ఆగస్టులో ఉత్తర కివూ నుంచి వచ్చిన 6 నమూనాలలో నాలుగింటిలో ఎబోలా ఉందని ఆ సంస్థే నిర్ధారించింది. యాంబుకు నాడు ఖండాంతరం వెళ్లిన పని ఇప్పుడు రాజధానిలోనే పూర్తయింది. ఇకపై ఎబోలా నమూనాలు దేశంలోనే ఉండాలని 2019లో ఆయన స్పష్టం చేశారు.

అదే వ్యాప్తిలో నిర్వహించిన, నియంత్రిత బృందంతో కూడిన చికిత్సా ప్రయోగంలో ఎంఏబీ114 పొందినవారిలో సుమారు 35 శాతం, పోల్చి చూసిన జెడ్‌మ్యాప్ పొందినవారిలో సుమారు 50 శాతం మరణించారు. 2020 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎంఏబీ114ను 'ఎబాంగా' పేరుతో ఆమోదించింది.