పులుపు ముందొచ్చింది, కారం పీట వేసుకుంది

తెలుగులో మనకు దొరికే పాత హోటల్ రివ్యూ ఒకటుంది. రాసినవాడు వినుకొండ వల్లభరాయుడు. ఆయన క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభశెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులు చుట్టబెడుతూ పూటకూళ్ల ఊసెత్తుతారు. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూక ఇస్తే ఏమేం వడ్డిస్తారో ఒకే పద్యంలో పట్టీ మొత్తం దిగిపోయింది. మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఎవరిల్లు, ఎంత ధర, ఏం పెడతారు, సరుకు ఎలాంటిది, అన్నీ వచ్చేశాయి. ఇవాళ ఫోన్లో చుక్కలు పెట్టేవాళ్లు ఇంతకంటే ఏం చెబుతున్నారు?

ఆ విస్తట్లో ఎంత వెతికినా కనిపించనిది మిరపకాయ. కవి మర్చిపోయి కాదు, అప్పటికి అది ఈ దేశానికే రాలేదు. ఇప్పుడు అదే వినుకొండ చుట్టుపక్కల మాఘ ఫాల్గుణాల్లో తిరిగితే కల్లాల్లో ఎర్రటి మిరప పరుపులే. ముక్కుకు తువ్వాలు చుట్టుకోకుండా ఆ దారిన పోలేం. ఇంతటి ఘాటు మన కూరలోకి, అందులోనూ డబ్బిచ్చి తినే కూరలోకి ఎప్పుడు ఎలా వచ్చిందన్నది నాకు చాలాకాలంగా ఉన్న పురుగు. కూర బాగుంటుందని ఎవరైనా అంటే చాలు, బస్సెక్కే రకాన్ని నేను. బెంగళూరు, మద్రాసు, లండన్ దాకా తిని వచ్చాక, జవాబు వెతకాల్సింది వాడరేవులోనని అర్థమైంది.

వాడరేవు చీరాల పక్కన సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. చీరాలలో ఆటో ఎక్కితే కాసేపట్లో లైట్‌హౌస్ కనిపిస్తుంది. ఊరు కదలకుండానే జిల్లాలు మారుతూ పోయింది. 1970 దాకా గుంటూరు, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పొద్దున్నే పడవలు ఒడ్డుకొస్తాయి. ఇసుకలోనే గంపలు దించి పాట పెడతారు. వంజరం, చందువా, పండుగప్ప లాంటి పెద్ద సరుకు ఐసు పెట్టెల్లోకి, అక్కడినుంచి లారీల్లోకి పోతుంది. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, చిన్న సొరలు ఊళ్లో మిగులుతాయి. ఆ మిగిలిన చేపలతోనే ఒడ్డున పాకల్లో పులుసు కాస్తారు.

ఆ పులుసు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. వెడల్పాటి దాకలో నూనె కాగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వెల్లుల్లి వేగుతాయి. చింతపండు రసం పలచగా పోస్తారు. ధనియాలు, మెంతులు వేయించి కొట్టిన పొడి పడుతుంది. కాలం కలిసొస్తే మామిడికాయ ముక్కలు కూడా. చేప ముక్కలు ఆఖర్న వేస్తారు. వేశాక గరిటె ముట్టకూడదు, ముక్క చితుకుతుంది. రెండు చేతులా గుడ్డతో దాక అంచు పట్టుకుని గుండ్రంగా తిప్పుతారు. కారప్పొడి పడుతుంది గానీ పెత్తనం దానిది కాదు. నాలుక మీద ముందు నిలిచేది పులుపు, దాని వెనకే చేప తీపి, గొంతు దగ్గరికొచ్చాక కారం. మర్నాటికి ఇంకా బాగుంటుందంటారు, నిజమే.

నేను తిన్న పాకలో వడ్డించే ఆవిడను అడిగాను, “అక్కా, గుంటూరు పక్కనుండీ కారం ఇంత తక్కువేంది?” అని. ఆవిడ నవ్వలేదు కూడా. “నిన్నటి చేపకైతే దట్టించాల గానీ, పొద్దున దిగిన చేపకెందుకన్నా?” అంది. నా ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరికింది. మిగతా సగానికి చరిత్రలోకి పోవాలి.

అదే తీరం వెంట కాస్త దక్షిణానికి నడిస్తే మోటుపల్లి. ఇవాళ చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, కాకతీయుల కాలంలో పేరుమోసిన రేవు అది. 1244-45లో గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు ఓడ చెడి ఒడ్డున పడితే అందులో సరుకును రాజు లాక్కోవడం అంతకుముందు ఆనవాయితీ. ఆయన దాన్ని మానిపించి, సుంకం తప్ప మరేదీ ముట్టబోమని సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా ఆ రాతి మీద చెక్కారు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతాలు, పగడాలు, పట్టు, పోకలు. ఆ వరుసలో మిరియాలూ ఉన్నాయి. అంటే ఈ తీరంలో అప్పటి ఘాటు సుంకం కట్టి ఓడలమీద తిరిగిన ఘాటు. కలిగినవాళ్ల విస్తట్లోకే చేరేది. పులుపుకు అంత ఖర్చు లేదు, చింతచెట్టు ఊరికొకటి ఉండనే ఉంటుంది. బీదల కూరకు రుచి పులుపే, అల్లమూ ఆవాలూ దానికి తోడు. ఒడ్డున కాచే పులుసుకు పునాది అక్కడ పడింది.

తర్వాత కొలంబస్ మిరియాల దారి వెతుక్కుంటూ 1492లో అమెరికా చేరి, మిరియాలకు బదులు మిరపకాయ చూశాడు. 1498లో వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు. పోర్చుగీసుల ఓడల వెంట 16వ శతాబ్దంలో మిరప పడమటి తీరం పట్టుకుని లోపలికి పాకింది. అదే ఓడల్లో జీడిమామిడి వచ్చింది. చీరాల దాటగానే తగిలే వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కుని సంచిలో వేసుకునే మనం, అదీ పరాయి సరుకేనని ఎప్పుడూ అనుకోం. మిరపకు ఉన్న పెద్ద సుగుణం, పెరట్లో పండడం. మిరియం కొండల్లో తీగకు కాస్తుంది, కొనుక్కోవాలి. మిరప విత్తనం ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. సుంకం లేదు, వర్తకుడూ అక్కర్లేదు. కాబట్టి బీదల నోటికి ముందు అలవాటైంది. కలవారి వంటిల్లు తర్వాత లొంగింది.

ఇంగ్లండులో కూర కథ కూడా ఇంచుమించు ఇలాగే మొదలైంది. 1747లో హన్నా గ్లాస్ అనే ఆవిడ రాసిన వంటల పుస్తకంలో ఇండియా పద్ధతి కూర ఒకటుంది. ఇంగ్లీషులో అచ్చయిన మొదటి కూర అదే అంటారు. అందులోనూ మిరియాలు, ధనియాలే, మిరపకాయ లేదు. 1810లో దీన్ మహమ్మద్ అనే బీహారీ లండన్‌లో హిందూస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. హుక్కా పెట్టాడు, వెదురు కుర్చీలు వేశాడు. రెండేళ్లకే దివాలా తీశాడు. డబ్బిచ్చి కూర తినే అలవాటు లండన్‌కు అప్పటికి పట్టలేదు.

మన గడ్డకు సంబంధించిన ముక్క 1926లో వస్తుంది. రీజెంట్ స్ట్రీట్‌లో ఆ ఏడు తెరిచిన హోటల్ పేరు వీరస్వామి. మన పక్కన ఏ ఊరి చావడిలో పిలిచినా పలికే పేరే. యజమాని మాత్రం ఎడ్వర్డ్ పామర్. నిజాం కాలపు హైదరాబాదులో నవాబులకూ సర్కారుకూ అప్పులిచ్చిన పామర్ కుటుంబం వాడు. అంతకుముందు వీరస్వామి పేరు మీదే మసాలా పొడులు అమ్మాడు. 1924లో వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో ఇండియా భోజనశాలకు సలహాదారుగా పనిచేశాడు. ఆ ఊపుతో హోటల్ పెట్టాడు. తర్వాత ఇంగ్లండంతా లేచిన కూర హోటళ్లలో ఎక్కువ సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీలవి. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను బ్రిటన్ జాతీయ వంటకమనేంత దూరం పోయింది వ్యవహారం.

ఆ హోటళ్లలో నన్ను ఆశ్చర్యపరిచింది పట్టీ. కూరల పేర్లు వంటల పేర్లలా లేవు, కారం మెట్లలా ఉన్నాయి. కుర్మా అంటే చప్పన. మద్రాస్ అంటే కారం. విండాలూ అంటే ఇంకా కారం. ఫాల్ అంటే పందెం కట్టి తినేది. మద్రాసులో మద్రాస్ కూర అడిగితే సర్వరు మనల్ని ఎగాదిగా చూస్తాడు, అది వేరే సంగతి. విండాలూ పుట్టింది గోవాలో. వైన్, వెల్లుల్లి వేసి మాంసం ఊరబెట్టే పోర్చుగీసు వంటను గోవావాళ్లు వెనిగర్‌తో తమదిగా చేసుకున్నారు. దానికి ప్రాణం పులుపు. హోటల్‌కు చేరాక అందులో పులుపు చచ్చి కారం మిగిలింది.

ఇది నాకు ఎక్కడో చూసిన కథలా అనిపించింది. చూసింది బెంగళూరులో. 1980ల నుంచి అక్కడ అరటాకు వేసి వడ్డించే ఆంధ్రా భోజన హోటళ్లు నాగార్జున, నందిని లాంటి పేర్లతో ఊపందుకున్నాయి. పప్పు, గోంగూర, పొడి, నెయ్యితో మొదలైన ఆకు, పక్కన కళ్లు తుడుచుకునే వేపుడు. ఆంధ్రా అంటే కారం అన్న పేరు ఊళ్లో ఇళ్లలో ఉన్నదానికంటే ఇలాంటి చోట్ల పదింతలైందని నా అభిప్రాయం. అక్కడే మరో హోటల్లో ఒకసారి ‘గుంటూరు చేపల పులుసు’ అడిగాను. పేరు చెప్పను. వచ్చింది ఎర్రగా చిక్కటి గ్రేవీ, అందులో మూడు ముక్కలు. చింతపండు వాసన లేదు. పక్క బల్ల మీద కోడికూరలోనూ అదే గ్రేవీ.

దీని వెనక హోటల్ వంటింటి కిటుకుంది. ఉల్లిపాయ, టమాటా, అల్లం వెల్లుల్లి ఉడికించి పొద్దున్నే ఒక పెద్ద గిన్నెడు గ్రేవీ కలిపేస్తారు. ఆర్డరు వచ్చాక కోడికి కోడి, చేపకు చేప అందులో పడేస్తారు. లండన్‌లోనూ ఇంతే. ఇలా నడిచే వంటింట్లో చివరి నిమిషంలో పెంచగలిగింది, తగ్గించగలిగింది కారప్పొడి ఒక్కటే. పులుపు అలా కుదరదు. చింతపండు రసం చేప ముక్కతో పాటు ఉడికి, దాకలో కాసేపు ఊరాలి. పైగా చేప తాజాగా లేకపోతే పులుసు దాచలేదు, కారం దాచిపెడుతుంది. వాడరేవు అక్క చెప్పింది అదేగా.

కారం అంత చవగ్గా దొరకడానికి మన నేలే కారణం. నల్లరేగడిలో పత్తి పక్కన మిరప ఎప్పటినుంచో ఉన్నా, 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం పొలాల్లో పంటల లెక్కలే మారాయి. గుంటూరు దగ్గర లాం పరిశోధనా కేంద్రం జీ-4, ఎల్‌సీఏ-334 వంటి రకాలు ఇచ్చింది. ఇవాళ గుంటూరు మిర్చి యార్డులో సీజనప్పుడు టిక్కీల, అంటే బస్తాల మధ్య నడవడానికి సందుండదు. అక్కడ కారం, రంగు రెండు వేర్వేరు సరుకులు. తేజ సన్నకాయ, ఘాటెక్కువ. బాడిగ ముడతల కాయ, రంగెక్కువ, కారం తక్కువ. తెలివైన వంటమనిషి రెండూ కలుపుతాడు. ఎర్రగా ఉన్న కూరంతా మండదు, మండే కూరంతా ఎర్రగా ఉండదు. తేజలో చాలాభాగం విదేశాలకు పోతుంది, కొంత కాయగా, కొంత అందులోంచి తీసిన ఘాటు ద్రవంగా.

ఆ ఘాటు నీళ్లకు కరగదు, కొవ్వుకు కరుగుతుంది. అందుకే మండినప్పుడు నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది. మన విస్తరి ముద్దపప్పు నెయ్యితో మొదలై పెరుగన్నంతో ముగియడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. ఆ వరుస వేసినవాళ్లకు రసాయనం తెలియదు, నోరు తెలుసు. మిరప మంటను నరాలు ఎలా పట్టుకుంటాయో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వేడి వస్తువు తగిలితే మేల్కొనే తలుపే మిరపకూ తెరుచుకుంటుందట. కారం తిని ‘ఒళ్లు కాలింది’ అనేవాళ్లది అబద్ధమేం కాదు.

వాడరేవులోనూ ఇప్పుడు శని, ఆదివారాలు హైదరాబాదు కార్లు నిండిపోతున్నాయి. వచ్చినవాళ్లు ముందడిగేది రొయ్యల వేపుడు, రెండోది బిర్యానీ. అడిగింది వండటమే హోటల్ ధర్మం కాబట్టి పాకల్లో బాండీలు పెరిగాయి, దాకలు తగ్గాయి. వేపుడు మీద చల్లే కారం మాత్రం నెలనెలా పెరుగుతున్నట్టే ఉంది, ‘ఆంధ్రాకు వచ్చి కారం లేకపోతే ఎలా’ అనే మాట నాకే రెండు మూడు బల్లల నుంచి వినిపించింది. బెంగళూరులో కట్టిన పేరు తిరిగి ఊరికే వచ్చి, ఊరి వంటకు పాఠం చెబుతోంది. నాకిది నచ్చలేదు గానీ, వంట ఎప్పుడూ ఒకచోట ఆగలేదు, మిరపకాయ కూడా ఇలాగే ఎవరో అడిగితేనే లోపలికొచ్చి ఉంటుంది.

పులుసే కావాలనుకునేవాళ్లు వారం మధ్యలో వెళ్లండి. పడవలు దిగే వేళకే ఒడ్డుకు చేరి, గంపలో నచ్చిన చేప ఏరుకుని, పాకలో ఇచ్చి, దాకలో కాయమని చెప్పాలి. గంటన్నర పడుతుంది. తొందరపెడితే గ్రేవీ పోసి ఇస్తారు.