బొంబాయి మిల్లుల్లో ఆడవారి పని

బొంబాయి వెళితే ఏదో ఒక పని దొరక్కపోదనే మాట మన పెద్దవాళ్ళ నోట మీరూ వినే ఉంటారు. కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలీలు ఊళ్ళో మగ్గం సాగక అక్కడి బట్టల మిల్లులకు వెళ్ళారు. అంతకు ముందే కట్టడాల పనికి వెళ్ళిన మన కామాఠీల పేరే కామాఠీపురాకు వచ్చింది. మరి ఆ మహానగరం ఆడవాళ్ళకు ఏ పని ఇచ్చింది? ఇచ్చినదాన్ని ఎలా వెనక్కు తీసుకున్నది? ఈ సంగతి మనం తెలుసుకోవాలి. ఎందుచేతనంటే అందులోని చిక్కు ఈనాటికీ పూర్తిగా విడలేదు.

1854లో కావస్‌జీ దావర్ అనే పార్శీ వర్తకుడు బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. రెండేళ్ళకు మిల్లు తిరగడం మొదలైంది. తరువాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ పేటల నిండా పొగగొట్టాలు లేచాయి. ఆ ప్రాంతానికి గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అని పేరు పడింది.

అక్కడ పని ఎలా దొరికేదనుకున్నారు? దరఖాస్తులూ ఇంటర్వ్యూలూ లేవండీ. జాబర్ అనే మేస్త్రీ ఉండేవాడు. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో అతను రమ్మన్నవాడికే ఆ రోజు కూలి. అతనికి మామూళ్ళు ముట్టాలి. ఆడవాళ్ళ మీద నాయకిన్ అనే ఆడ మేస్త్రీ ఉండేది, ఆమెదీ అదే పద్ధతి. ఖాయం మనిషి రాని రోజున ఆ చోట పని చేసేవాళ్ళను బద్లీలు అనేవారు. 1896లో ప్లేగు వచ్చి జనం ఊరు వదిలి పారిపోయినప్పుడు మాత్రం కథ తిరగబడింది. మిల్లులవాళ్ళే కూలీల కోసం వీధుల్లో పోటీలు పడ్డారు, ఏ రోజు కూలి ఆ రోజే చేతిలో పెట్టారు. జనం తిరిగి వచ్చారు, జాబర్ మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డాడు.

ఆడవాళ్ళకు దొరికింది ముఖ్యంగా నూలు చుట్టే పని. మగ్గాల దగ్గర మగవాళ్ళే. చుట్టిన నూలును బట్టి కూలి కాబట్టి, నూలు అందకపోతే ఊరికే కూర్చోవాలి. అయినా 1920లలో మిల్లు పనివారిలో ఇంచుమించు అయిదుగురికి ఒకరు స్త్రీ. పిల్లల్ని ఒంటి చేత్తో సాకుకునే వితంతువులూ వారిలో ఉండేవారు.

నిండు నెలలతో యంత్రం దగ్గర నిలబడే తల్లుల కోసం 1924లో ఎన్.ఎం. జోషీగారు కేంద్ర శాసనసభలో ఒక బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ మాట వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్‌గారు గట్టిగా సమర్థించారు. 1929లో చట్టం వచ్చింది. కాన్పుకు ముందూ వెనుకా కలిపి ఏడు వారాలు, రోజుకు ఎనిమిది అణాలు. ఎంత గొప్ప సంగతి!

అయితే ఆ ఎనిమిది అణాలు ఇవ్వవలసినవాడు మిల్లు యజమాని ఒక్కడే. అతను లెక్క వేసుకున్నాడు. ఆడమనిషిని పెట్టుకుంటే కాన్పు డబ్బు ఇవ్వాలి. రాత్రి పాళీ నడుపుదామంటే ఆడవాళ్ళ రాత్రి పనికి చట్టం ఒప్పుకోదు. పైగా నూలు చుట్టే కొత్త యంత్రాలకు తక్కువమంది చాలు. ఇన్నీ కలిసి వచ్చేసరికి ఆడవాళ్ళను తీసుకోవడం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆరేడుగురికి ఒకరే మిగిలారు. తరువాత ఆ లెక్క ఇంకా దిగజారింది. ఆడవాళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారని అనుకోకండి. ఉషాబాయి డాంగే వంటివారు వాళ్ళను కూడగట్టారు, సమ్మెల్లో ముందు నిలిచారు.

మిల్లు గేటు మూసుకుపోతే పొయ్యి ఉంది కదా! 1921 జనాభా లెక్కల్లో బొంబాయిలో ఇద్దరు మగవాళ్ళకు ఇంచుమించు ఒక్క ఆడమనిషి. ఊళ్ళో పెళ్ళాం పిల్లల్ని వదిలి వచ్చినవాళ్ళకు ఎవరు వండాలి? ఒంటి గది కాపురాల్లోనే ఆడవాళ్ళు ఖానావళులు నడిపారు. నెలకింతని తీసుకుని రెండు పూటలా భోజనం పెట్టడం. సరుకులు అప్పు, వడ్డీ నడ్డి విరిచేది. 1975లో ప్రేమా పురవ్‌గారు అన్నపూర్ణా మహిళా మండల్ పెట్టి వీళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించేదాకా, ఈ వంటను ఒక ఉద్యోగంగా ఎవరూ చూడలేదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మె కట్టారు. ఆ సమ్మెను విరమించినట్టు ఎవరూ ప్రకటించనే లేదు. లక్షకు పైగా ఉద్యోగాలు పోయాయి. మగవాడి కూలి ఆగిన ఇళ్ళలో కూరగాయలమ్మీ, బట్టలు కుట్టీ, పరాయి ఇళ్ళలో అంట్లు తోమీ కుటుంబాన్ని నిలబెట్టింది ఆడవాళ్ళే. ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది.

ఇక మొదట చెప్పిన చిక్కు. 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చి, యజమానులూ పనివాళ్ళూ వేసే చందాల నిధి నుంచే కాన్పు డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టింది. అది మంచి దారి. కానీ దాని పరిధిలోకి రానివాళ్ళ విషయంలో 1961 ప్రసూతి చట్టం భారాన్ని యజమాని మీదే పెట్టింది. 2017లో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. తల్లికి అది అవసరమే, కాదనను. కానీ జీతం మొత్తం యజమాని ఒక్కడే మోయాలంటే, 1929 నాటి మిల్లువాడి లెక్కే ఈనాటి ఆఫీసువాడూ వేయడా?

కనుక మన అమ్మాయి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు "పెళ్ళెప్పుడు, పిల్లలెప్పుడు" అని అడిగితే, అది పెద్దమనిషి కుశల ప్రశ్న అనుకోకండి. దాని వెనుక ఆ పాత లెక్కే ఉంది. సెలవు తగ్గించుకోవడం దానికి మందు కాదు. ఆ ఖర్చును ప్రభుత్వమూ యజమానులూ నలుగురూ కలిసి మోయాలి. అలా అడగడానికి మనం మొహమాటపడనక్కర లేదు. సెలవు.