అల్సాస్ ప్రవాసుల స్మారక సంప్రదాయం: చేజారిన నేల, తిరిగివచ్చిన నేల (1871–1936)

ఉపోద్ఘాతం

పారిస్ నగరంలోని కాంకర్డ్ కూడలిలో ఫ్రాన్సు దేశపు ఎనిమిది నగరాలకు ప్రతీకలుగా ఎనిమిది స్త్రీమూర్తుల విగ్రహాలు ఉన్నాయి. వాటిలో శిల్పి జేమ్స్ ప్రాదియే 1830వ దశకంలో మలచిన స్ట్రాస్‌బర్గ్ విగ్రహం దాదాపు అర్ధశతాబ్దం పాటు నల్లని వస్త్రంతోను, పూలదండలతోను శోకచిహ్నంగా నిలిచింది. 1918లో అల్సాస్ ప్రాంతం తిరిగి ఫ్రాన్సు వశమైనప్పుడు ఆ నల్లని వస్త్రం తొలగింది. ఈ రెండు ఘట్టాల నడుమ రూపుకట్టిన స్మారక సంప్రదాయంలో అల్సాస్‌ను విడిచి వచ్చిన ప్రవాసుల పాత్ర ప్రధానమైనది. నేల తిరిగి దక్కినప్పుడు జరిగిన ఉత్సవంలో కనిపించినది ఏ అల్సాస్, ఆ నేలమీదనే నలభైయేడు సంవత్సరాలు నిలిచిపోయినవారికి అందులో దక్కిన చోటు ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వలస

ఫ్రాన్సు, ప్రష్యాల యుద్ధం ముగిసిన పిమ్మట 1871 మే 10న కుదిరిన ఫ్రాంక్‌ఫర్ట్ సంధి ప్రకారం బెల్ఫోర్ మినహా అల్సాస్ అంతా, మెట్జ్ నగరంతో కూడిన లొరేన్ భాగమూ జర్మన్ సామ్రాజ్యంలో కలిశాయి. అంతకు ముందే బోర్డో నగరంలో సమావేశమైన జాతీయసభలో ఆ ప్రాంతపు ప్రతినిధులు తమ ప్రజల సమ్మతి లేని ఈ మార్పిడి చెల్లదని నిరసన తెలిపి సభను వీడారు. సంధిలోని రెండవ అధికరణం స్థానికులకు ఒక వెసులుబాటు ఇచ్చింది: 1872 అక్టోబర్ 1వ తేదీలోగా ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకోవచ్చు, అయితే నివాసాన్ని ఫ్రాన్సుకు మార్చుకోవాలి. ఆ గడువులోగా లక్షకు పైగా ప్రజలు ఇల్లూవాకిలీ వదిలి కదిలారు. జర్మన్ సైన్యంలో చేరవలసి వచ్చే వయసున్న యువకులు వీరిలో ఎక్కువ. బిష్‌విల్లర్ పట్టణపు ఉన్నిబట్టల తయారీదారులు నార్మండీలోని ఎల్బెఫ్‌కు మగ్గాలతో సహా తరలిపోయారు. స్ట్రాస్‌బర్గ్‌లో పేరుమోసిన బెర్జే-లెవ్రో ముద్రణాలయం నాన్సీకి చేరింది. పారిస్‌లో 1871లోనే అల్సాస్-లొరేన్ సాధారణ సంఘం ఏర్పడింది. 1874లో మొదలైన ‘ఎకోల్ అల్సాసియెన్’ పాఠశాల నేటికీ నడుస్తున్నది.

మరొక పాయ అల్జీరియా దిశగా సాగింది. 1871 జూన్ 21నాటి చట్టం వలసవచ్చిన అల్సాస్, లొరేన్ వాసులకు అక్కడ లక్ష హెక్టార్ల భూమిని కేటాయించింది. ఆ సంవత్సరమే కబీలియా ప్రాంతంలో ఫ్రెంచి పాలనపై ముఖ్రానీ నాయకత్వంలో తలెత్తిన తిరుగుబాటును అణచి, స్థానిక తెగల భూములను ప్రభుత్వం విస్తారంగా జప్తు చేసింది. ప్రవాసుల కోసం వెలసిన ఊళ్లలో కొన్ని ఆ సీమలోనివే. ఒసోన్‌విల్లర్ అటువంటి ఊరు. నేల పోగొట్టుకున్నవారి ఓదార్పుకు మరొకరి నేల కోల్పోవడం ఆధారమైందన్న సంగతి ఆనాటి దేశభక్తి రచనలకు పట్టలేదు. వచ్చినవారిలో సేద్యం ఎరుగని మిల్లు కార్మికులు చాలామంది ఉండడంతో ఈ ప్రయత్నం పెద్దగా ఫలించలేదు కూడా.

జ్ఞాపకానికి రూపాలు

1870 ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో స్ట్రాస్‌బర్గ్ ముట్టడిలో ఉండగా పారిస్ ప్రజలు కాంకర్డ్ విగ్రహం పాదాలవద్ద పూలు పేర్చసాగారు. నగరం లొంగిపోయిన తరువాత అది మొక్కుబడి స్థలంగా మారింది. 1882లో ఏర్పడిన దేశభక్తుల సమితి, దాని నాయకుడు పోల్ దెరులేద్ అక్కడికి ఊరేగింపులు నడిపి ఆ శోకానికి ప్రతీకార రాజకీయపు రంగు పులిమారు. ఈ రెండింటినీ వేరుచేసి చూడవలసి ఉంది. సమితికి విగ్రహం ఒక వేదిక. ప్రవాసికి అది ఊరికి వెళ్లలేని కాలంలో ఊరికి బదులుగా దొరికిన రాయి.

అంతకంటె ఆత్మీయమైన రూపం క్రిస్మస్ చెట్టు. 1872 మొదలు పారిస్‌లోని సంఘం ప్రవాసుల పిల్లలకోసం ఏటా ఈ వేడుక జరిపింది. అల్సాస్‌లో తరతరాలుగా ఉన్న ఈ ఆచారం అప్పటికి ఫ్రాన్సులో సామాన్యుల ఇళ్లకు అంతగా చేరలేదు. అది ఆ దేశమంతటా వ్యాపించడానికి ఈ ప్రవాసులు కూడా ఒక కారణమని చరిత్రకారులు భావిస్తారు. జర్మన్ లోకంతో అల్సాస్‌కు ఉమ్మడిగా ఉన్న ఆచారమే పారిస్‌లో ఫ్రెంచి దేశభక్తికి గుర్తు కావడం విచిత్రం.

చిత్రకళలో ఈ స్మృతికి ముఖం ఇచ్చినవాడు అల్సాస్‌లోని బెర్న్‌విల్లర్‌లో పుట్టిన జాన్-జాక్ హెన్నర్. తాన్ పట్టణపు స్త్రీలు రాజకీయ నాయకుడు గాంబెత్తాకు కానుకగా ఇచ్చేందుకు 1871లో ఆయనచేత ఒక చిత్రం వేయించారు. నల్లని దుస్తులు, తలపై నల్లని ముడి, దానిమీద మూడు రంగుల చిన్న గుర్తు, నిశ్చలంగా చూసే ఒక యువతి. ‘అల్సాస్. ఆమె ఎదురుచూస్తున్నది’ అని దాని పేరు. తరువాతి కాలపు పోస్టుకార్డులలో, గోడపత్రాలలో, బొమ్మలలో ఆ ముడి అంతకంతకూ పెద్దదై అల్సాస్ అంతటికీ గుర్తుగా స్థిరపడింది. నిజానికి అది స్ట్రాస్‌బర్గ్ పరిసర గ్రామసీమల వేషం. అందులోనూ నలుపు ప్రధానంగా ప్రొటెస్టంట్ స్త్రీలది. మిగిలిన లోయలలో తల అలంకారాలు వేరు.

భాష విషయంలో ఈ సరళీకరణ మరింత లోతుగా సాగింది. అల్ఫాన్స్ దోదే 1873లో ప్రచురించిన కథాసంపుటిలోని ‘చివరి పాఠం’ ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండవ తరగతి ఆంగ్ల వాచకం ద్వారా తెలుగునాట కూడా పరిచితమే. మాతృభాషను పోగొట్టుకునే పిల్లల కథగా దానిని చదవడం మనకు అలవాటు. కాని కథలోని ఫ్రాంట్జ్ వంటి పల్లె పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది చాలావరకు జర్మానిక్ మాండలికమే. బడిలో పోయిన ఫ్రెంచి అతనికి రాజ్యభాష, చదువుభాష. 1910 జనాభా లెక్కలలో కూడా ఆ ప్రాంతవాసులలో సుమారు 87 శాతం జర్మన్‌ను, సుమారు 11 శాతం ఫ్రెంచిని మాతృభాషగా నమోదు చేశారు. దోదే దక్షిణ ఫ్రాన్సులోని నీమ్‌లో పుట్టినవాడు. ఆయన కథ అల్సాస్ గురించి చెప్పేదానికన్న, అల్సాస్ ఎలా ఉండాలని ఫ్రాన్సు కోరుకున్నదో చెప్పేది ఎక్కువ.

ఈలోగా అక్కడ ఉండిపోయినవారి జీవితం సాగిపోయింది. 1911లో ఆ ప్రాంతానికి సొంత రాజ్యాంగం, శాసనసభ లభించాయి. జర్మనీ పాలననుంచి వచ్చిన ప్రవాసుల తరం పారిస్‌లో వృద్ధాప్యంలోకి అడుగిడుతుండగా, అల్సాస్‌లో ఫ్రెంచి పాలనను ఎరుగని తరం పెరిగి పెద్దదైంది. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 3,80,000 మంది అల్సాస్, మొసెల్ వాసులు జర్మన్ సైనికులుగా పనిచేశారు. మరణించినవారు 50,000 వరకు ఉంటారని అంచనా.

1918 నవంబర్

హెన్నర్ చిత్రాన్ని కానుక చేసిన తాన్ పట్టణం 1914 ఆగస్టులోనే ఫ్రెంచి సేనల వశమైంది. మిగిలిన అల్సాస్ నాలుగేళ్లు ఆగింది. యుద్ధవిరమణ తరువాత 1918 నవంబర్ 17న మ్యూల్‌హౌస్‌లో, 22న స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రెంచి సైన్యం ప్రవేశించింది. వీధులలో స్వాగతం పలికిన బాలికలు పెద్ద నల్లని ముడులు ధరించారు. నగర కుటుంబాల పిల్లలలో ఎందరో ఆ వేషం ఎన్నడూ వేసుకోనివారు. ప్రవాసం తయారుచేసిన బొమ్మను స్వదేశం స్వయంగా ధరించింది. ఆ సంతోషం నటన అని చెప్పడం అన్యాయం. నాలుగేళ్ల సైనిక నియంతృత్వం, ఆకలి ముగిశాయన్న ఊరట అందులో నిజంగా ఉంది. డిసెంబర్ 9న స్ట్రాస్‌బర్గ్‌లో ఆ జనసమ్మర్దాన్ని చూసిన అధ్యక్షుడు ప్వాంకారే, ప్రజాభిప్రాయ సేకరణ జరిగిపోయినట్లేనని ప్రకటించాడు. ఓటుకు బదులుగా ఉత్సవాన్ని ప్రమాణం చేసుకున్న ఆ మాట తరువాత ఖరీదైనదిగా తేలింది.

కొద్దిరోజులకే జనులను ఏ, బి, సి, డి అనే నాలుగు రకాల గుర్తింపు పత్రాలుగా విభజించారు. తల్లిదండ్రుల పుట్టుక దీనికి ప్రాతిపదిక. జర్మన్ మూలాలవారికి ‘డి’ దక్కింది. లక్షకు పైగా మనుషులు రైను నది దాటి వెళ్లవలసి వచ్చింది. వీరిలో అల్సాస్‌లోనే పుట్టి పెరిగినవారూ ఉన్నారు. 1872లో ఒకవైపు సాగిన వలస ఇప్పుడు మరొకవైపు సాగింది. పాఠశాలలో 1920 నుంచి ‘ప్రత్యక్ష పద్ధతి’ పేరిట తొలిరోజునుంచే ఫ్రెంచిలో బోధన మొదలైంది. ఇంట్లో మాండలికం, బడిలో అర్థంకాని భాష: దోదే కథలోని తరగతి గది తిరగబడింది. 1924లో ఎర్రియో ప్రభుత్వం మతప్రమేయం లేని పాఠశాలల చట్టాలను అక్కడికి విస్తరించబోగా పెద్దయెత్తున నిరసన చెలరేగి, ప్రభుత్వం వెనుకంజ వేసింది. 1926 నుంచి స్వయంప్రతిపత్తి ఉద్యమం బలపడింది. ఎదురుచూస్తున్న యువతి నోట మాట వచ్చేసరికి అది ప్రవాసులు ఊహించిన భాష కాలేదు.

విద్వాంసులు, రాతిబొమ్మ

1919 నవంబరులో ఫ్రెంచి విశ్వవిద్యాలయంగా పునఃప్రారంభమైన స్ట్రాస్‌బర్గ్‌కు వచ్చిన అధ్యాపకులలో ఇద్దరు ఈ చర్చకు ముఖ్యులు. చరిత్రకారుడు మార్క్ బ్లోక్ లియోన్‌లో పుట్టినా తండ్రిది అల్సాస్. సామాజికశాస్త్రవేత్త మోరిస్ అల్బ్‌వాక్స్‌ది అల్సాస్ మూలాలున్న కుటుంబం. సమూహం తన వర్తమాన అవసరాలకు అనుగుణంగా గతాన్ని పునర్నిర్మించుకుంటుందన్న ప్రతిపాదనతో అల్బ్‌వాక్స్ 1925లో ‘స్మృతికి సామాజిక చట్రాలు’ గ్రంథాన్ని ప్రచురించాడు. అప్పటికి ఆయన స్ట్రాస్‌బర్గ్‌లోనే బోధిస్తున్నాడు. ఆ నగరం ఆ గ్రంథానికి కారణమని చెప్పడం అతిశయోక్తి. కాని రెండు జ్ఞాపకాలు ఒకే వీధిలో ఎదురుపడే ఊరిలో ఆ పుస్తకం పూర్తికావడాన్ని యాదృచ్ఛికమని దాటవేయడమూ కష్టమే.

1936 అక్టోబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని గణతంత్ర కూడలిలో యుద్ధ స్మారకం ఆవిష్కృతమైంది. శిల్పి లియోన్-ఎర్నెస్త్ ద్రివియే. ఒక తల్లి, ఆమె ఒడికి చెరొకవైపు ఒరిగి ప్రాణం విడుస్తున్న ఇద్దరు కొడుకులు. ఒకడు ఫ్రాన్సుకోసం, మరొకడు జర్మనీకోసం పోరాడినవాడని జనుల వ్యాఖ్యానం. ఇద్దరి ఒంటిమీదా సైనిక దుస్తులు లేవు. ఫ్రాన్సులోని ఊరూరి స్మారకాలమీద మృతులు దేశంకోసం మరణించారని రాసి ఉంటుంది. ఇక్కడ చెక్కినది ‘మా మృతులకు’ అన్నంతవరకే. ఏ దేశం పేరూ లేదు. తల్లి తలపై నల్లని ముడి కూడా లేదు.